కనబడని అక్షరం

జూన్ 14, 2025, శనివారం, మేడ్చల్

ఒక ఫ్లట్టర్ మాడ్యూల్ రిపోను ఫోర్క్ చేసి, క్లోన్ దించి, ‘ఫ్లట్టర్ డాక్టర్’ నడిపాను. ఆండ్రాయిడ్ దగ్గర పసుపు గుర్తు: లైసెన్సులు ఒప్పుకోలేదట. ఒక్కోదానికీ ‘వై’ కొడుతూ పోయాను, ఒక్కటీ చదవలేదు. గ్రేడిల్ దిగుతుండగా కరెంటు పోయింది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి మళ్లీ మొదటి నుంచి.

జూన్ 15, ఆదివారం

మాడ్యూల్ పని చిన్నదే. యాప్‌లో టైపు చేసిన పేరును శుభ్రం చేసి తిరిగిస్తుంది. పైన డార్ట్‌లో ఒక్క ఫంక్షన్. కింద ఆండ్రాయిడ్‌కు కాట్లిన్‌లో ఒకటి, ఐఫోన్‌కు స్విఫ్ట్‌లో ఒకటి. మధ్యన కబురు మోసేది మెథడ్ ఛానల్. ఒకే పని ఇద్దరికి అప్పజెప్పినట్టు.

ఎగ్జాంపుల్ యాప్‌లో ‘శామీర్‌పేట’ కొట్టాను. ‘శామీర్పేట’ అని తిరిగొచ్చింది. ‘మేడ్చల్’ మాత్రం చెక్కుచెదరలేదు.

జూన్ 18, బుధవారం

పేరును విడదీసి చూశాను. శ, దీర్ఘం, మ, గుడి దీర్ఘం, ర, పొల్లు, ఇంకొకటి, ప, ఏత్వం, ట. మొత్తం 10 కోడ్ పాయింట్లు. ఆ ఏడోది కంటికి కనబడదు: జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్‌లో 200సి. ప వచ్చి ర కింద వత్తుగా దిగకుండా అడ్డం నిలబడేది అదే. మేడ్చల్‌కు దాని అవసరం లేదు, అక్కడ చ వత్తు ఉండాల్సిందే.

కాట్లిన్ ఫైల్లో దొంగ దొరికింది. కనబడని అక్షరాలన్నిటినీ ఊడ్చేసే ఒక్క లైను. ఎందుకు రాశారో గానీ, నాకు 2018 ఫిబ్రవరి గుర్తొచ్చింది. ‘జ్ఞా’ ఉన్న ఒక మెసేజ్ వస్తే ఐఫోన్లో యాప్‌లు కూలిపోయేవి. ఆ వరుసలోనూ ఈ 200సి ఉంది. ఆపిల్ ఐఓఎస్ 11.2.6లో సరిచేసింది. తప్పు అక్షరాన్ని గీసే కోడ్‌ది. చెడ్డపేరు తెలుగు అక్షరానికి వచ్చింది.

జూన్ 21, శనివారం, శామీర్‌పేట

ఐఫోన్ వైపు బిల్డ్ కావాలంటే ఎక్స్‌కోడ్, దానికి మ్యాక్. నాకు లేదు, ఇక్కడ రూమ్ తీసుకున్న దోస్తుకు ఉంది. తుంపర్లలో బండి మీద వచ్చాను, ల్యాప్‌టాప్‌కు పాల ప్యాకెట్ల కవరు చుట్టి. వాడి ఫోన్లో పేరు సరిగ్గానే వచ్చింది. స్విఫ్ట్ కోడ్ రెండు చివర్ల ఖాళీలే కోస్తోంది, మధ్యలో చెయ్యి పెట్టట్లేదు.

“గంతేరా, మీ ఆండ్రాయిడ్‌ల మా ఊరే లేదు” అన్నాడు.

తిరిగొస్తుంటే రోడ్డు పక్కన ఒకాయన షాపు బోర్డు రాస్తున్నాడు. ‘ర్’ అయ్యాక కుంచె ఎత్తి, కొంచెం జరిగి ‘పే’ మొదలెట్టాడు. “అన్నా, ప వత్తు పెడితే జాగ కలిసొస్తది గదా?” అన్నాను.

“వత్తు వెడితే పేట ఏడుంటదే? పేట పేటలెక్కనే ఉండాలె.”

జూన్ 24, మంగళవారం

పుల్ రిక్వెస్ట్ పెట్టాను: తెలుగు పొల్లు తర్వాత వస్తే 200సిని వదిలేయాలి. రాత్రికి రివ్యూ వచ్చింది. ఫారసీలోనూ పదం మధ్య ఇదే అక్షరం కావాలి, తెలుగుకే ఎందుకు మినహాయింపు? నా ఊరికి మాత్రమే దారి వేసుకున్నట్టయింది. సిగ్గేసింది.

తిరగరాశాను. చూపించే పేరులో అది ఏ భాషకైనా ఉంటుంది. వెతికేటప్పుడు పోల్చే నకలులో మాత్రం తీసేస్తాం. ఆ మీట కీబోర్డులో ఎక్కడుందో తెలియక అది లేకుండా టైపు చేసేవాళ్లకూ ఊరు దొరకాలి కదా.

జూన్ 26, గురువారం, మేడ్చల్

పక్కింటి రెండో తరగతి పిల్లాణ్ణి అడిగాను, మేడ్చల్‌లో ఎన్ని అక్షరాలని. “మే, డ్చ, ల్. మూడు.” కోడ్ పాయింట్లయితే 7. అక్షరాలను విడగొట్టే యూనికోడ్ పాత నియమంతో 4, ఎందుకంటే అది ‘డ్’ను, ‘చ’ను విడదీసేది. 2023లో 15.1 వచ్చాక 3. పిల్లాడి లెక్కకు యూనికోడ్ ఇప్పటికి చేరింది.

జూన్ 29, ఆదివారం

మెర్జ్ అయింది. తీసింది ఒక లైను, చేర్చినవి రెండు. టెస్టుల ఫైల్లో మూడు పేర్లు: శామీర్‌పేట, మేడ్చల్, రివ్యూ గుర్తుచేసిన ఫారసీ నుంచి ఒక పేరు. రేపెవరైనా మళ్లీ శుభ్రం పేరిట అంతా ఊడ్చేస్తే, మొదటి ఎర్ర గుర్తు శామీర్‌పేట దగ్గరే పడుతుంది.