బరువు ఎత్తేముందు ఒళ్ళు సాగదీయాల్నా?

ఇయ్యాల పత్తి ముచ్చట గాదు. కానిస్టేబుల్ నౌకరి కోసం పిల్లల్ని దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లల్ల పెట్టినోళ్లు మనల చానామంది ఉన్నరు. ముందుగాల వాళ్లు చదవండి.

మా అన్న కొడుకు అక్కడే ఉంటున్నడు. బియ్యం, తొక్కు ఇచ్చొద్దామని పోయి, తెల్లారి వానితోని గ్రౌండుకు పోయిన. పిల్లలు కాళ్లు చాపి, వేళ్లు పట్టుకొని, కదలకుండ రెండేసి నిమిషాలు వంగి కూసున్నరు. లేవంగనే గుండు విసురుడు. పొద్దుమీకి ఎల్బీనగర్ జిమ్ములనూ గంతే, సాగదీసి వెంటనే బరువులెత్తుడు. "ఎందుకురా?" అంటే "ఒళ్ళు వదులైతది చిన్నాయనా" అన్నడు.

వదులైతది, నిజమే. చిక్కు గూడ అదే. నులక వదులైన మంచం మీద కాలు తన్ని లేవాలంటే ఎట్లుంటది? కండను చానాసేపు గుంజిపెడితే కొద్దిసేపు నరం నుంచి వచ్చే ఊపు గూడ తగ్గుతది. 2016ల కెనడాకు చెందిన డేవిడ్ బెమ్, ఆయన తోటి పరిశోధకులు వందకు పైగా ప్రయోగాలను కలిపి చూసిండ్రు. ఒక్కో కండను 60 సెకన్లు, అంతకంటె ఎక్కువ పట్టి ఉంచితే సత్తువ సగటున 4.6 శాతం తగ్గింది. 60 లోపయితే 1.1 శాతమే. కదులుకుంట చేసే సాగుడుతోనైతే 1.3 శాతం పెరిగింది.

నాలుగైదు శాతమే గదా అనకండి. 2022 నోటిఫికేషన్ల మగపిల్లలకు లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల గుండు 6 మీటర్లు. జానెడు తక్కువైనా ఇంటికే. హాస్టల్ ఫీజుకు మనం అమ్మిన వడ్లు యాదికి రావాలె గదా.

మరి ఏం చెయ్యాలె? ఐదు పది నిమిషాలు మెల్లగ ఉరకాలె, కాళ్లు ముందుకు ఎనుకకు ఊపాలె, ఉత్తగ గుంజీలు తియ్యాలె. జిమ్ముల ముందుగాల తక్కువ బరువు, తర్వాత అసలు బరువు. పట్టేసినట్టుంటే 20, 30 సెకన్లు సాగదీసుకొని మళ్ల కొద్దిగ ఉరికితే నష్టమేం లేదు. నిమిషాల కొద్ది సాగుడు పని అయినంక పెట్టుకోవాలె.

వానికి చెప్పిన. "సారు ఇట్లనే చేయమన్నడు" అని గొణిగిండు గని, మర్నాడు ఉరికే విసిరిండు.

మనకు గూడ పనికొస్తది. చలిపొద్దున 45 కిలోల యూరియా బస్తా ఎత్తేముందు నడుం వంచి నిలవడకండి. గట్టు మీద రెండు చక్కర్లు నడిచి, ఉత్త చేతులతోని నాలుగుసార్లు కూసొని లేవండి, తర్వాత బస్తా పట్టుకోండి.