రాతి సిలువ



మా చిలుకూరు సంఘములో నేను చేసిన ఒక పొరపాటును మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒక స్నేహితుడు పాత ఇంగ్లీషు పుస్తకములోని బొమ్మను జిరాక్సు తీయించి ఇచ్చాడు. జేమ్స్ ఫెర్గూసన్ 1872లో అచ్చువేసిన పుస్తకమది. మన గోదావరి అడవుల్లో జనం రాకాసి గుళ్లు అని పిలిచే రాతి సమాధులు, వాటి దగ్గర నిలబెట్టిన రాతి సిలువ! అవి పూర్వపు క్రైస్తవులు నిలిపినవేనని ఆయన తలంచాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆదివారం ప్రసంగములో ఎలుగెత్తి చెప్పాను. ఆమేన్‌లు మారుమ్రోగాయి. యౌవనస్థులు ఆ బొమ్మ పట్టుకొని ఊళ్లో వాదనలకు దిగారు.

తరువాత ఇంకా చదివాను. అవి ఇనుప యుగపు సమాధులనీ, ఆ రాళ్లు సిలువలు కావు, చేతులు చాచిన మనిషి రూపాలనీ నేటి పరిశోధకులు చెబుతున్నారు. క్రీస్తుకు ఎంతో ముందటివి!

ఆ శతాబ్దములో పాతరాళ్లలో తమ మనసులో ఉన్నదే చూసుకోవడం పరిపాటి. ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కాన్‌స్టేబుల్ 1820లో స్టోన్‌హెంజ్ రాళ్లను చూసి పెన్సిలుతో గీసుకున్నాడు. 1828లో భార్య చనిపోయింది. 1836లో ప్రదర్శించిన రంగుల చిత్రములో అవే రాళ్లపై కారుమబ్బులు, జంట ఇంద్రధనుస్సు ఉన్నాయి. చిత్రకారునికి అది చెల్లుతుంది. బోధకునికి చెల్లదు.

"ఇప్పుడు చెబితే నవ్వరా?" అన్నాను నా భార్యతో.

"పిల్లలకు తొమ్మిదవ ఆజ్ఞ నేర్పేది మీరే కదండీ" అంది.

మరుసటి ఆదివారం సంఘము ఎదుట ఒప్పుకున్నాను. యౌవనస్థులు తలలు దించుకున్నారు. నా గొంతు వణికింది. ఆరాధన అయ్యాక ఒక ముసలమ్మ దగ్గరికి వచ్చింది. ఆ యేడే భర్తను సమాధి చేసుకున్న తల్లి.

"మరి ఆ రాళ్లు ఎవరివి అయ్యగారూ?"

"మనకంటె ముందు ఈ నేలమీద బ్రతికినవారివి. చనిపోయిన తమవాళ్ల కోసం నిలుపుకున్నారు, అమ్మా."

"అయితే వాళ్లూ మనలాగే ఏడ్చినోళ్లే" అంది.

నా ప్రసంగము కంటె ఆ మాటే పెద్దది.

ప్రియులారా, మన విశ్వాసమునకు అబద్ధపు ఆధారము అక్కరలేదు. మీ చేనుగట్టున రాకాసి గూడు ఉంటే, గట్టు రాళ్ల కోసం పగులగొట్టకండి. అది ఎవరో కన్నీళ్లతో కట్టుకున్న సమాధి.