ఓడిన జట్టుకు వచ్చే ఆదివారం

పిల్లలూ! మా రావులపాలెం మీలో చాలామంది బస్సు కిటికీలోంచి చూసే ఉంటారు. రాజమహేంద్రవరం వైపునుంచి వచ్చేటప్పుడు జొన్నాడ దగ్గర గౌతమీ గోదావరి వంతెన దాటగానే తగిలే ఊరు అదే. కోనసీమకు వాకిలి అంటారు. అరటిగెలల మార్కెట్టుకు పేరుపొందిన ఊరు.

సంక్రాంతి వెళ్ళిన వారంలో ఒక సాయంకాలం నేను ఆ మార్కెట్టు మీదుగా ఇంటికి వస్తూంటే ఒకతను నన్ను ఆపి నమస్కారం చేశాడు. చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. అతని చెయ్యి పట్టుకుని పదేళ్ళ కూతురు నిలబడి ఉంది.

"మాస్టారండీ, మా అమ్మాయికి ఆటలంటే ప్రాణమండీ. బడి వదిలాక ఎక్కడ ఆడించాలో తెలియటం లేదండీ. మన చుట్టుపక్కల పిల్లల జట్లు ఎక్కడైనా ఉన్నాయాండీ?" అని అడిగాడు.

"నువ్వు ఏం ఆడేవాడివిరా?" అన్నాను, గుర్తురాక.

అతను నవ్వాడు. "నేనాండీ? ఎనిమిదో తరగతిలో చెడుగుడు ఆడానండీ, ఒక్కటే ఆట. మొదటి రోజే ఓడిపోయాం. ఇక మమ్మల్ని ఎవరూ పిలవలేదండీ. ఆ తరవాత ఆడేవాళ్ళకు మంచినీళ్ళ బిందె మోసేవాణ్ణి" అన్నాడు.

అతను నవ్వుతూనే అన్నాడు గాని నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ పోటీలు పెట్టింది నేనే!

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. మీరూ వేసి చూడండి. చెడుగుడులో జట్టుకు ఏడుగురు. ఎనిమిది జట్లంటే 56 మంది పిల్లలు. ఓడిన జట్టు వెళ్ళిపోవాలనే నియమం పెడితే మొదటి రోజే నాలుగు జట్లు, అంటే 28 మంది, ఇంటిదారి పడతారు. మొత్తం ఏడే ఏడు ఆటలతో పోటీ ముగిసిపోతుంది. దీన్ని నాకౌట్ పద్ధతి అంటారు. తొందరగా అయిపోతుందని నేను ఏటా ఈ పద్ధతినే పెట్టాను. గెలిచినవాడికి ఆట మీద ఆట దొరికేది. ఆట నేర్చుకోవలసిన అవసరం ఎక్కువగా ఉన్నవాడికి మట్టుకు బిందె దొరికేది!

రెండో పద్ధతి ఒకటి ఉన్నది. ప్రతి జట్టూ మిగిలిన అన్ని జట్లతోనూ ఒక్కొక్కసారి ఆడుతుంది. దీని పేరు లీగు. అదే ఎనిమిది జట్లు లీగులో ఆడితే 28 ఆటలవుతాయి. అన్నిటికన్నా బలహీనమైన జట్టుకు కూడా ఏడు ఆటలు దక్కుతాయి.

లీగు పుట్టుక కథ తమాషాగా ఉంటుంది. ఇంగ్లండులో ఫుట్‌బాల్ క్లబ్బులు చాలా ఉండేవి గాని, ఏ శనివారం ఎవరితో ఆట ఉంటుందో, ఉండదో నమ్మకం లేదు. ఒప్పుకున్న ఆటలే రద్దయిపోతూ ఉండేవి. విలియం మెక్‌గ్రెగర్ అనే బట్టల వ్యాపారి దీనికి ఒక ఉపాయం ఆలోచించాడు. ఆయన మాట మీద 1888లో 12 క్లబ్బులు కలిసి, ముందుగానే తేదీలు వేసుకుని, ఒక్కొక్కరూ మిగిలిన 11 మందితో రెండేసిసార్లు ఆడాలని ఒప్పందం చేసుకున్నాయి. అంటే ఒక్కొక్క క్లబ్బుకు 22 ఆటలు. లీగు అంటే గొప్ప బహుమతి కాదు పిల్లలూ! "వచ్చే వారం కూడా నీకు ఆట ఉంది" అనే మాట, అంతే.

ఇక మావాడు అడిగిన ప్రశ్నకు వద్దాం. ఎక్కడ వెతకాలి?

మొదట మీ బడిలోనే వెతకండి. మేము డ్రిల్లు మాస్టారు అనేవాళ్ళమే, ఆ వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి అడగండి. పాఠశాలల క్రీడా సమాఖ్య పోటీలు 14, 17, 19 ఏళ్ళ లోపు వారికి వేరువేరుగా జరుగుతాయి. కాని అవి మెరికల్ని ఏరే పోటీలు. ఏరగా మిగిలినవాళ్ళు మరొక చోటు చూసుకోవాలి.

రెండోది పండగ పోటీలు. సంక్రాంతి వచ్చిందంటే మన ఊళ్ళలో క్రికెట్టు, వాలీబాల్ పోటీల కాగితాలు గోడలకు అంటిస్తారు. వీటిలో చాలావరకు ఓడినవాడు వెళ్ళిపోయే పద్ధతే. అయినా వెళ్ళి చూడండి. అక్కడ ఆడేవాళ్ళు మిగిలిన పదకొండు నెలలూ ఎక్కడ ఆడుతున్నారో అడగండి. అసలు సమాచారం దొరికేది అక్కడే.

మూడోది, మీ వీధిలోని అన్నలూ అక్కలూ. 2023 డిసెంబరు 26న మొదలై 2024 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో ముగిసిన "ఆడుదాం ఆంధ్రా" పోటీల్లో 15 ఏళ్ళు నిండిన ఆడా మగా సచివాలయాల వారీగా జట్లు కట్టారు. క్రికెట్టు, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడారు. ఆ పోటీలు ముగిశాయి గాని ఆడినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు కదా!

నాలుగోది క్లబ్బులు, కాలేజీ ఆటస్థలాలు. వాటి పెద్దలను కలిసి, పిల్లలకు ఏ వేళ చోటు ఇస్తారో మర్యాదగా అడగాలి. అమలాపురం వెళ్ళే పని ఉంటే జిల్లా క్రీడాభివృద్ధి అధికారిని కూడా అడగవచ్చు.

అమలాపురమంటే గుర్తొచ్చింది. బ్యాడ్మింటన్ జంట ఆటలో, 2023లో జరిగిన ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన సాత్విక్ సాయిరాజ్ ఆ ఊరి కుర్రవాడే. ఆయన తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. మీరంతా సాత్విక్ కావాలని నేను అనటం లేదు. ఆయనకు మొదట దొరికింది పతకం కాదు, ఆట తెలిసిన ఒక పెద్దమనిషి తోడు. అది మాత్రం మీ అందరికీ దొరకాలి.

అందుకే, తల్లిదండ్రులారా, ఈ నాలుగు మాటలు మీకు. పిల్లల్ని ఏ జట్టులో చేర్చేముందైనా ఇవి అడగండి: ఓడిన జట్టుకు మళ్ళీ ఆట ఉంటుందా? ఈడూ జోడూ చూసి ఆడిస్తారా? ఆడపిల్లలకు చోటు ఉందా? తాగే నీళ్ళు, దెబ్బ తగిలితే కట్టు కట్టే మనిషి ఉన్నారా? పందెం డబ్బు తిరిగే చోటికి మట్టుకు పిల్లల్ని పంపకండి.

మీరు కూడా గట్టుమీద కూర్చోనక్కరలేదు. 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ అనే వ్యాయామ శిక్షకుడు వాలీబాల్ కనిపెట్టింది, బాస్కెట్‌బాల్ పరుగులకు తట్టుకోలేని నడివయసువారి కోసమే! పిల్లలకు రోజుకు గంటసేపు, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఇంత వెతికినా మావాడి కూతురి ఈడు పిల్లలకు లీగు దొరకలేదు. "అయితే మనమే పెడదాం రా" అన్నాను. నా పాత బాకీ ఒకటి ఉన్నది కదా!

ఒక కొబ్బరితోట పక్కన ఖాళీ జాగా అడిగి పుచ్చుకున్నాం. ఇసుక పోయించి సున్నంతో గీతలు గీశాం. వీధికొక జట్టు చొప్పున ఆరు జట్లు, చిన్నపిల్లలు కనుక జట్టుకు అయిదుగురు. ఆరు జట్లకు 15 ఆటలు. ఆదివారానికి మూడు చొప్పున అయిదు ఆదివారాలు. ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే కిటుకు చెబుతాను, నేర్చుకోండి. 1, 2, 3 అంకెలు పైవరసలో రాయండి. వాటి కింద 6, 5, 4 రాయండి. పైనున్నవాడు కిందనున్నవాడితో ఆడతాడు. మరుసటి వారం 1ని కదపకుండా మిగిలిన అయిదింటినీ గడియారపు ముల్లు తిరిగే వైపు ఒక్కొక్క చోటు జరపండి. అప్పుడు పైన 1, 6, 2, కింద 5, 4, 3 అవుతాయి. ఇలా అయిదు వారాలు తిప్పితే ఏ జోడీ రెండోసారి రాదు, ఏదీ తప్పిపోదు. కావాలంటే కాగితం మీద సరిచూడండి.

ఆ అమ్మాయి జట్టు మొదటి ఆదివారం ఓడింది. రెండోదీ ఓడింది. మూడోనాడు ఆమె కూతకు వెళ్ళి ఇద్దర్ని తాకి, ఊపిరి బిగబట్టి గీత అందుకుంది. అయినా రెండు పాయింట్ల తేడాలో ఓడారు. నాలుగో ఆదివారం గెలిచారు. అయిదోది మళ్ళీ ఓడారు. పట్టికలో వాళ్ళది చివరి స్థానం.

పిల్లల ఆటలయ్యాక తండ్రులు కూడా లుంగీలు ఎగ్గట్టి దిగేవారు. మావాడు పాతికేళ్ళ తరవాత కూత పెట్టాడు. ఆనాడు మంచినీళ్ళ బిందె నేను తెచ్చాను.

చివరి సాయంకాలం ఆ పిల్లను పిలిచి, "ఏమ్మా, నాలుగుసార్లు ఓడిపోయారే, బాధగా ఉందా?" అని అడిగాను.

ఆమె మోకాలికి అంటిన ఇసుక దులుపుకుంటూ, "వచ్చే ఆదివారం మాకు ఎవరితోనండీ?" అన్నది.

నేను జేబులోంచి కాగితం తీసి, మళ్ళీ పైన 1, 2, 3, కింద 6, 5, 4 రాశాను.