మిరప చేతులు

12 ఫిబ్రవరి 2025

పెదనందిపాడు వైపు చేల గట్టు మీద పట్టా గుడారం. కర్నూలు జిల్లా కోసిగి నుంచి సుగ్గికి, అంటే కోతల కాలపు వలస పనికి, వచ్చిన కుటుంబం. తొమ్మిదేళ్ల పాప బడి మాని రెండేళ్ల తమ్ముణ్ణి చూసుకుంటోందని ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. బాలల సంక్షేమ కమిటీ విచారించి రమ్మంది. చట్టమిచ్చిన గడువు 15 రోజులు.

మధ్యాహ్నం తల్లి చేలోంచి వచ్చింది. పిల్లాడు ఏడుస్తూ ఎదురెళ్తే ఎత్తుకోలేదు, మోచేత్తో పక్కకు నెట్టింది. నాతో వచ్చిన కొత్తమ్మాయి ‘బిడ్డ పట్ల నిరాసక్తత’ అని రాసుకోబోతుంటే ఆగమన్నాను. ఆమె అరచేతులకు నూనె పట్టించింది, సబ్బుతో రుద్ది కడిగింది, చివరికి చిటికెన వేలు నాలుకకు ఆనించి చూసుకుంది. అప్పుడు ఎత్తుకుంది.

“కాయ తెంపిన చేత్తో ముడితే కండ్లు మండి సస్తాడు మేడమ్” అంది.

పిల్లాడి టీకాల కార్డు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది. ఒక్కటీ తప్పలేదు.

పాపను పక్కకు పిలిచి, రాత్రి భయమేస్తే ఎవర్ని లేపుతావని అడిగాను. “నాయన్ని. అమ్మకి రెక్కలు నొప్పులుంటాయి” అంది. ఇంటి విచారణకు వెళ్లినప్పుడల్లా నేనడిగే ప్రశ్న ఇది. ఏ ఫారంలోనూ లేదు.

మమకారం ఉంది, సరే. గుడారానికి పది అడుగుల్లో సాగర్ కాలవ కూడా ఉంది. ఆ సంగతీ రాయాల్సిందే.

19 ఫిబ్రవరి

ఒంగోలు స్టేషన్లో దొరికిన పన్నెండేళ్ల అబ్బాయిది మన జిల్లానే. ఇల్లు చూసి రాయమని అక్కడి కమిటీ అడిగింది. శ్లాబు ఇల్లు, ఫ్రిజ్, గోడకు స్కూలు ఫోటోలు. కొత్తమ్మాయి చకచకా టిక్కులు పెట్టేసింది. నేనేమడిగినా తండ్రే జవాబు. తల్లి కాఫీ ఇచ్చి తలుపు పక్కనే నిలబడిపోయింది. అబ్బాయి రాసే పుస్తకాలేవి అంటే ఆయనకు తెలియలేదు, ఆమె చూపించబోతే “నువ్వుండు” అన్నాడు.

మిర్చి ధర పడిపోయి టిక్కీలన్నీ (బస్తాలన్నీ) కోల్డ్ స్టోరేజీలోనే ఉన్నాయట. “ఆ చిరాకులో నాలుగు తగిలించాను, తండ్రి కొట్టడా?” అన్నాడు. వీపు మీద బెల్టు వాతలున్నట్టు ఒంగోలు డాక్టర్ కాగితం నా సంచిలో ఉంది. అప్పు నిజం, ధర పడిందీ నిజం. బెల్టు వాటి లెక్కలోకి రాదు.

విచారణ నివేదిక రాసే ఫారం 22లో తండ్రీబిడ్డల సంబంధానికి మూడే మాటలు: సఖ్యత ఉంది, లేదు, తెలియదు. ఒక్క పూట చూసి వచ్చి ‘ఉంది’ అని టిక్కు పెట్టే ధైర్యం నాకెప్పుడూ లేదు.

25 ఫిబ్రవరి

క్వింటాకు 11,781 రూపాయల ధర కట్టి కేంద్రం మిర్చిని ఆదుకుంటుందని పేపర్లో వచ్చింది. చేలో కూలీ బాకీలు మాత్రం అలాగే ఉన్నాయి. డబ్బు చేతికందందే ఊరికి పోలేమంటోంది కోసిగి తల్లి.

ఈ రోజు రెండు నివేదికలూ ఇచ్చేశాను. పాపనూ తమ్ముణ్ణీ హోమ్‌కు పంపాలని ఒక సభ్యుడు అభిప్రాయపడ్డారు, “గుడారంలో ఏం పెంపకం?” అంటూ. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేయరాదని 2009 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాల్లో ఉంది. సంస్థలో పెట్టడం ఆఖరి మార్గమని మన 2015 జువెనైల్ జస్టిస్ చట్టమే చెబుతోంది. రెండూ చదివి వినిపించాను. ఇద్దరూ అమ్మానాన్నల దగ్గరే. పగలు చిన్నోడు ఊళ్లోని అంగన్‌వాడీలో, పాప బళ్లో ఉండాలి. మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 స్పాన్సర్‌షిప్‌కు సిఫారసు చేశాను. కూలీలను తెచ్చిన మేస్త్రీ గొణిగాడు, గొణగనీ.

అబ్బాయిని మాత్రం ఇప్పుడే ఇంటికి పంపొద్దని రాశాను. అమ్మమ్మ ఉంచుకుంటానంది, వాడూ అక్కడికే వెళ్తానన్నాడు. తండ్రి కౌన్సెలింగ్‌కు వచ్చాకే మిగతా మాట.

కోసిగిలో వలస కూలీల పిల్లల సీజనల్ హాస్టల్ అక్టోబరులోనే, అంటే పత్తితీతకు జనం బండెక్కకముందే తెరవాలని కర్నూలు అధికారులకు వేరే లేఖ పెట్టాను. సంక్రాంతి దాటాక తెరిస్తే ఈ పాపకు దానితో పనిలేదు.