ఇసుక కాపురము

మా యబ్బాయి మాల్దీవులలో నుద్యోగము చేయుచున్నాడని విన్నవారెల్ల నన్ను అదృష్టవంతురాల వనుచుందురు. అక్కడ వాడు చేయు పని యేమో మొన్నటి మాఘమాసము వఱకు నాకును సరిగా తెలియదు. ఇంజనీరని మాత్రమే యెఱుగుదును. ఇంజనీరనగా వంతెనలో మేడలో కట్టించువాడనుకొంటిని. మావాడు ఇసుక పోయించువాడు.

సోదరీమణులారా, ముందుగా ఆ దేశమునుగూర్చి రెండు మాటలు చెప్పెదను. హిందూమహాసముద్రమున సుమారు 1,200 చిన్నదీవులు పూసలపేరులవలె గుంపులు గుంపులుగా నున్నవి. వానిలో జనులు కాపురముండు దీవులు రెండువందలకు లోపే. సామాన్యముగా నేల సముద్రమట్టమునకు ఒకటి, ఒకటిన్నర మీటర్లకంటె ఎత్తుండదు. కొండ లేదు, ఏరు లేదు. రాయి యనదగినది పగడపురాయి యొక్కటే. 1972లో యాత్రికులకొఱకు మొదటి విశ్రాంతిస్థలము తెఱచినది మొదలు, దీవికొక హోటలు చొప్పున వెలసి, దేశమున కదియే ముఖ్యమైన రాబడియైనది.

నేను పదిదినము లుండినది అట్టి దీవియే. చుట్టివచ్చుటకు పావుగంట చాలును. తూర్పువైపు కుటీరముల ముందర ఇసుక కోసుకొనిపోయి కొబ్బరిచెట్ల వేళ్లు బయటపడియుండెను. ఒక చెట్టు నీటిమీదికి ఒరిగిపోయినది. పడమటివైపున మాత్రము జల్లించిన పిండివలె తెల్లని యిసుక విశాలముగా పఱచుకొని యుండెను. ఒకే దీవికి ఈ పక్షపాతమేమని మావాని నడిగితిని.

“ఆ ఇసుకే ఈ ఇసుక అమ్మా. గాలి మారినప్పుడల్లా దీవి చుట్టూ తిరుగుతూ ఉంటుంది” అనెను.

చలికాలమునుండి చైత్రము వఱకు వీచు ఈశాన్యపు గాలిని అక్కడివారు ఇరువై యందురు. వైశాఖమునుండి నైరృతిగాలి వచ్చును; దానిని హుళంగు అందురు. ఇరువైలో ఇసుక పడమటికి జేరును, హుళంగులో తూర్పునకు మరలును. పుట్టింటికి పోయివచ్చు కోడలివలె దానికి రెండిండ్లున్నవి. అయితే కుటీరమునకు అద్దె యిచ్చిన యాత్రికుడు ఇది వినునా? వానికి ఫోటోలో చూపిన యిసుక వాకిటిలోనే యుండవలెను. లేకున్న ఫిర్యాదు. ఆ ఫిర్యాదును మాన్పుటయే మావాని యుద్యోగము.

మఱునాడు ఆ పని చూచితిని. పడవమీద నొక యంత్రము దీవి చుట్టునున్న మడుగు అడుగునుండి ఇసుకను నీటితోకూడ పీల్చి, లావుపాటి గొట్టముగుండా తీరమున కక్కుచుండెను. ఇసుక నిలిచినది, నీరు మరల సముద్రములోనికి దిగినది. ఉదయము అద్దమువలె నున్న జలము మధ్యాహ్నమునకు కుడితి రంగు తిరిగినది. అక్కడక్కడ నీటిలో నల్లగా కనబడుచుండిన గడ్డినికూడ పీకించిరట. అది యాత్రికుల కంటికి మురికివలె తోచునట. ఆ గడ్డివేళ్లే యిసుకను పట్టియుంచునని మావాడే చెప్పెను.

పడవలరేవు వంతెనమీద నిలిచి క్రిందికి చూచితిని. గొట్టమునకు దూరమైన ప్రక్కను పగడములు, వానినడుమ పసుపు నీలము చేపలు, పెండ్లిపందిరివలె కలకలలాడుచుండెను. ఈ ప్రక్కను తిరుగలిదగ్గఱ మఱచిన సామానులపై పిండి కప్పినట్లు అన్నిటిమీద సన్నని పొర. చేపలు లేవు. పగడము రాయికాదు, ప్రాణియే. దాని యొడలిలో కంటికి కనబడని నాచు కాపురముండి, సూర్యరశ్మితో వండి దానికి పెట్టును. నీరు మసకబాఱిన పొయ్యి యాఱినట్లే. మీదపడిన మన్నును అది జిగురు స్రవించి తనంతట తాను కడుగుకొనును గాని, ఎన్నిదినములు కడుగుకొనగలదు? 1998లోను, 2016లోను సముద్రము వేడెక్కి అక్కడి పగడములు తెల్లబాఱి విస్తారముగా చచ్చినవి. జ్వరమునుండి లేచినవానికి మూట మోయించినట్లున్నది మన పని.

ఆ సాయంత్రము మావాడు చెప్పిన యొక సంగతి విని నేను నవ్వి, పిదప నవ్వలేకపోతిని. చిలుకచేప యని యొకటి కలదు. చిలుకముక్కువంటి పండ్లతో పగడపుబండలను గొఱికి, నాచు తిని, రాతిపొడిని విసర్జించును. ఆ పొడియే యిసుక! వక్కరు అను దీవియందు శాస్త్రజ్ఞులు లెక్కగట్టి, అచ్చట క్రొత్తగా పుట్టు ఇసుకలో నూటికి 85 వంతులకు పైగా ఈ చేపలదేయని 2015లో ప్రకటించిరి. అలల బలములో నూటికి 97 వంతులు పగడపుదిబ్బలే విఱుచునని 2014లో మఱియొక పరిశీలన తేల్చినది. ఇసుకను చేయునదియు అదే, కాచునదియు అదే. దానిపై మన్నుపోసి ఇసుకను నిలుపుచున్నాము.

“ఇంతకు ముందెప్పుడైనా ఇక్కడ పోశారా?” అంటిని.

“మూడేళ్లలో ఇది రెండోసారి. అడుగునుంచి తీసింది సన్నరకం అమ్మా, తొందరగా కొట్టుకుపోతుంది. రాళ్లకట్ట వేస్తే ఒక పక్క నిలుస్తుంది, రెండోపక్క కోసేస్తుంది.”

ఇది నాకు క్రొత్తకాదు. విశాఖపట్టణమున రేవుగోడలు ఇసుక నడక నడ్డగించుటచేత, రేవువారు తవ్వితీసిన యిసుకను తెచ్చి మా తీరమున పోయించుట నేనెఱిగినదే. అన్ని గోడలను తప్పుపట్టజాలను. 1987లో పొంగిన కెరటములు మాలే నగరమును ముంచినపిమ్మట జపానువారి సాయముతో దానిచుట్టు కాంక్రీటు కట్టలు కట్టిరి. 2004 డిసెంబరు 26 నాటి సునామీలో అవి నగరమును చాలవఱకు కాచినవందురు. బిడ్డలతో కాపురముండువారికి గోడ వేఱు, ఫోటోకొఱకు గోడ వేఱు.

ఈ మాట మావానితో నంటిని. వాడు అన్నము కలుపుచు చేయి ఆపి, “నా చదువుకోసం ఇల్లు తాకట్టుపెట్టావు గదా, ఆ బాకీ ఈ ఇసుకే తీరుస్తోంది” అనెను. కోపముతో ననలేదు. నాకు మాటాడుటకు నోరు రాలేదు. ఆ జీతములో నేనును నాలుగేండ్లుగా అన్నము తినుచున్నదానను.

అక్కడ ప్రతి ఉదయము ఆకులూడ్చు ముసలివా డొకడుండెను. మావాడు దుబాసి కాగా వానితో మాటాడితిని. తన చిన్ననాట తమ యూరిలో సముద్రపుటంచున ఎవరును ఇల్లు కట్టలేదనియు, మొగలిపొదలను నఱకక వాని లోపలనే కాపురముండిరనియు, ఇసుక వచ్చినను పోయినను ఎవరి గుమ్మమును కదలలేదనియు చెప్పెను. అట్లయిన ఈ హోటలు పోవలెనా యని యడిగితిని. వాడు చీపురు చూపి నవ్వెను. వాని మనుమడును ఇక్కడి వంటయింటిలోనే పనిచేయుచున్నాడు.

నేను బయలుదేఱుటకు ముందురాత్రి మావాడు పొద్దుపోవు వఱకు కూర్చుండి యేమో వ్రాసి నాకు చదివి వినిపించెను. మరామతుకు వచ్చినప్పుడు తూర్పుననున్న నాలుగు కుటీరములను పొదల వెనుకకు జరుపవలెను, అంతవఱకు గొట్టము చుట్టు మట్టిని ఆపు తెరలు కట్టవలెను, నీటిగడ్డిని పీకరాదు, యాత్రికులకు ఇసుక నడక సంగతి ముందే తెలుపవలెను. 2019లో అక్కడి కొన్ని హోటళ్లవారు గడ్డిని కాపాడుదుమని మాట యిచ్చిన సంగతియు చేర్చెను. కాగితమును పైవారికి పంపెను. నాకు లోలోపల భయమే. ఉద్యోగము పోయిన?

జ్యేష్ఠమాసమున టెలిఫోను చేసెను. హుళంగు తిరిగి ఇసుక తనంతట తానే తూర్పునకు వచ్చుచున్నదట. మాఘమున పోసినదానిలో సగము కనబడదట. ఇప్పుడు పడమటి కుటీరములవారు ఫిర్యాదు చేయుచున్నారట. గొట్టమును అటు మార్చుచున్నారట.

“మఱి నీవు వ్రాసిన కాగితమో?” అంటిని.

“లెక్కలు వేస్తున్నారమ్మా. తెరలు మాత్రం తెప్పించారు” అనెను.