బిడ్డతో 49 రోజులు

ఎండాకాలం అంటే పట్నంలో సెలవులు. మన గూడేల్లో అది పనికాలం. చింతపండు దులిపి, గింజ తీసి సంతకు చేర్చేలోపే ఇప్పపువ్వు రాలడం మొదలవుతుంది. అది తెల్లారేసరికి చెట్టు కింద పరుచుకొని ఉంటుంది, ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి. కోడి కూతకు లేచి బుట్ట పట్టుకొని పోవాల్సిందే. అది అయ్యేలోపు సారపప్పు, ఆ వెనకే తునికాకు. కొన్ని ఇళ్లవాళ్లు మిరపకాయ కోతకు మైదానం పోయి ఉగాది దాటాక గాని తిరిగి రారు. వచ్చాక ఉపాధి పని. విజ్జ పండుం చేసి విత్తనం చేతబట్టేదాకా మనవాళ్లకు నడుం వాల్చే తీరిక దొరకదు.

ఇంతమందిలో ఎండాకాలం సెలవులు దొరికేది పంతుళ్లకే. మేమిద్దరం పంతుళ్లమే. శబరికి అవతల ఒకరి బడి, ఇవతల ఒకరి బడి. పెళ్లయిన పన్నెండేళ్లకు, నలభై దాటాక మాకు బిడ్డ పుట్టింది. జూలై నెలాఖరు, ఏరు నిండుగా పారుతున్న రోజులు. మాలో తల్లికి 180 రోజుల సెలవు, తండ్రికి 15 రోజుల సెలవు ఇచ్చారు. ఆ 15 రోజులు ఆసుపత్రికీ ఇంటికీ తిరగడంలోనే అయిపోయాయి. సంక్రాంతి దాటాక తల్లి సెలవు కూడా అయిపోయింది. మా అమ్మ మూట సర్దుకొని వచ్చి బడి పక్కన అద్దె గదిలో బిడ్డను చూసుకుంది. వారానికి ఒక్క ఆదివారం ముగ్గురం ఒక్కచోట ఉండేవాళ్లం.

అందుకే ఏప్రిల్ 24న బడి మూసిన రోజు మాకు పండుగలాగే ఉండింది. మళ్లీ జూన్ 12న బడి. మధ్యలో 49 రోజులు. బిడ్డకు అప్పటికి తొమ్మిది నెలలు నిండాయి. తట్టు రాకుండా వేసే సూది ఉపకేంద్రంలో వేయించి, అదే రోజు గూడెం చేరాం.

ఆ రోజులు ఎలా గడిచాయంటే చెప్పడానికి పెద్ద సంగతులేమీ లేవు. ఇంటి ముందు చింతచెట్టుకు పాత చీరతో ఉయ్యాల కట్టాం. పొద్దున్నే మా అమ్మ కాళ్లు చాపుకొని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, ఇప్పనూనె రాసి నీళ్లు పోసేది. ఆ తర్వాత రాగి జావ. సగం నోట్లోకి, సగం మా బట్టల మీదికి. మధ్యాహ్నం ఎండకు కుక్కలు కూడా నీడ వదిలి కదలవు. అప్పుడు తడిపిన గోనెపట్టా గుమ్మానికి వేలాడదీసి, మట్టినేల మీద ముగ్గురం పడుకునేవాళ్లం. తాటిముంజలు తెస్తే మెత్తటి కండ వేలితో చిదిమి నాలుకకు రాసేవాళ్లం. మామిడిపండు రసం తగిలితే కళ్లు మూసి చప్పరించేది. సాయంత్రం ఏటి ఇసుకలో వదిలితే పాకుతూ పోయి నీటి అంచున ఆగేది. రాత్రి వాకిట్లో నులకమంచం మీద, తండ్రి పొట్టమీదే నిద్ర.

మే నెల చివర్లో ఒకరోజు చెంబు చూపించి "ఏర్" అంది. మన కోయమాటలో నీళ్లు. మా అమ్మ ఆ మాట గూడెమంతా చెప్పుకొచ్చింది. బడి పక్కన అద్దె గదిలో ఉండి ఉంటే ఆ మాట వచ్చేదో, వేరే మాట వచ్చేదో. గూడెంలో రోజంతా చెవిన పడేది అదే భాష కాబట్టి అదే వచ్చింది. దానికి మేము ప్రత్యేకంగా నేర్పింది ఏమీ లేదు, పక్కన ఉన్నామంతే.

మా చింతచెట్టు నీడకు రోజూ ఇంకో బిడ్డ కూడా వచ్చేది. మాకు తమ్ముడి వరసయ్యే ఆయన కొడుకు, అప్పటికి ఐదు నెలలవాడు. వాణ్ణి చంకన వేసుకొని తెచ్చేది వాళ్లక్క. ఆ పిల్లకు పదేళ్లు, ఐదో తరగతి అప్పుడే అయింది. చదువులో చురుకు, ఎక్కాలు గడగడా చెబుతుంది. చంకన బిడ్డ బరువుకు ఒకవైపు ఒంగి నడిచేది. బిడ్డ ఎందుకు ఏడుస్తున్నాడో ఏడుపు వినే చెప్పేది: "పెద్దమ్మా, వీడికి నిద్ర వస్తంది", "పెదనాన్నా, వీడికి చీమ కుట్టింది". అంత నేర్పు దానికి ఎక్కడిదంటే, వీడికి ముందు చెల్లెల్ని కూడా అదే ఎత్తుకొని తిరిగింది.

ఆ పిల్ల తల్లి, మా మరదలు, తునికాకు రోజుల్లో చీకటి ఉండగానే బిడ్డకు పాలిచ్చి అడవికి పోయేది. తిరిగొచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. వచ్చీరాగానే ఒక రొమ్ము బిడ్డ నోట్లో పెట్టి, రెండు చేతులతో ఆకు సర్ది యాభై ఆకులకు ఒక కట్ట కట్టేది. సాయంత్రానికి కట్టలు కల్లానికి చేరాలి. పొద్దున్నుంచి ఆమె వచ్చేదాకా బిడ్డకు పాలు లేవు. ఐదు నెలల బిడ్డకు తల్లిపాలు తప్ప ఏమీ పట్టకూడదని, ఎండాకాలమైనా నీళ్లు కూడా అక్కర్లేదని, పాలలోనే కావలసిన నీరు ఉంటుందని ఆశా కార్యకర్త చెప్పే మాట అందరూ విన్నదే. ఆ మాట నిజమే. కానీ తల్లి అడవిలో ఉంటే పదేళ్ల పిల్ల ఏం చేస్తుంది? ఏడుపు ఆగక పంచదార నీళ్లు పట్టేది.

మే రెండో వారంలో బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. ఒక్కరోజులో కళ్లు లోపలికి పోయాయి. ఉపకేంద్రం నర్సమ్మ ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింకు మాత్రలు ఇచ్చింది. ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీటిలోనే కలపాలని, జింకు 14 రోజులు ఆపకుండా వేయాలని, తల్లిపాలు మాత్రం మానకూడదని చెప్పి పంపింది. మూడు రోజులు మరదలు ఆకుకు పోలేదు. బిడ్డ కోలుకున్నాడు. నాలుగో రోజు పోయింది. పోకపోతే ఆ ఇంట్లో వానాకాలం విత్తనాలకు డబ్బులుండవు. అదే రోజు మా ఉయ్యాల పక్కన ఆ పిల్ల వాణ్ణి ఒళ్లో పెట్టుకొని, రెప్ప వేయకుండా చూస్తూ కూచుంది. మళ్లీ ఏమవుతుందోనని దాని భయం.

మా బిడ్డ ఒక్కతికి ముగ్గురు పెద్దవాళ్లం. ఆ బిడ్డకు పదేళ్ల పిల్ల ఒక్కతే. మా 49 రోజుల సంతోషం జీతంతో కూడిన సెలవు నుంచి వచ్చింది. మరదలికి బిడ్డ మీద ప్రేమ మాకంటే తక్కువేమీ కాదు. ఆమెకు లేనిది సెలవు.

పంతుళ్లుగా మనం ఈ సంగతిని ఇంకో వైపు నుంచి చూస్తుంటాం. జూన్‌లో బడి తెరిచాక ఐదు పాసైన ఆడపిల్లలు కొందరు ఆరుకు రారు. ఇంటికి పోయి అడిగితే "దానికి చదువు మీద మనసు లేదు సారూ" అంటారు. రిజిస్టరులో కూడా అలాంటిదే రాసుకుంటాం. వాకిట్లో ఆ పిల్ల నిలబడే ఉంటుంది, చంకన తమ్ముడు ఉంటాడు. కారణం మన కళ్ల ముందే ఉంటుంది.

అంగన్‌వాడీ లేదా అని అడగొచ్చు. ఉంది. ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. అయితే కూచోబెట్టి ఆడించేది, చదువు చెప్పేది మూడేళ్లు నిండిన పిల్లలకు. బడికి రావలసిన వయసు ఆరేళ్లని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతుంది. పుట్టిన నాటి నుంచి మూడేళ్ల దాకా బిడ్డకు తిండి ప్యాకెట్ అందుతుంది, సూదులు అందుతాయి. పగటిపూట ఎత్తుకునే చేయి మాత్రం అక్కదే.

ఉపాధి హామీకి 2005లో చట్టం వచ్చినప్పుడు ఈ ఎత్తుకునే చేయి గురించి అందులో రాశారు. పనిచోట తాగునీరు, పిల్లలకు నీడ, మందుల పెట్టె ఉండాలని రాశారు. పనికి వచ్చే ఆడవాళ్ల వెంట పసిపిల్లలు ఐదుగురు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే, ఆ ఆడవాళ్లలోనే ఒకరిని పిల్లల్ని చూసుకోడానికి పెట్టి, మిగతావాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని కూడా రాశారు. తునికాకు ముగిసి మా గూడెం వాళ్లు చెరువు పనికి పోవడం మొదలుపెట్టినప్పుడు ఆ కాగితం మేము చదివి వినిపించాం. మేటుకు ఆ సంగతి తెలియదు. "పిల్లల్ని పనికి తెస్తే గొడవ, ఇంటి దగ్గరే ఉంచండి" అన్నాడు. ఆడవాళ్లు పదిమంది కలిసి పోయి అడిగారు. అడగడానికి పోయినవాళ్లలో మరదలు ముందుంది. లెక్కపెడితే గూడెంలో అలాంటి పసిబిడ్డలు ఏడుగురు తేలారు. నాలుగు రోజులు తిరిగాక ఒప్పుకున్నారు.

చెరువు గట్టున మద్దిచెట్టు కింద పట్టా పరిచి, కొమ్మలకు మూడు చీరల ఉయ్యాలలు కట్టారు. మట్టి మోయలేని ఒక పెద్దవ్వను అక్కడ పెట్టారు, ఆమె పేరు మస్టరులో ఎక్కింది. పొద్దున ఆరింటి నుంచి పదకొండు దాకా పని. బిడ్డ ఏడిస్తే అవ్వ చెయ్యెత్తి పిలిచేది, తల్లి తట్ట దించి వచ్చి పాలిచ్చి పోయేది. పంచదార నీళ్ల అవసరం పోయింది. మేము కూడా మా బిడ్డను తీసుకొని రెండు మూడు సార్లు పోయి అక్కడ కూచున్నాం. మా బిడ్డ మిగతా బిడ్డల ముక్కులు పట్టుకొని లాగేది.

ఆ పని సాగింది మూడు వారాలే. ఆ మూడు వారాల్లో ఆ పదేళ్ల పిల్ల ఏం చేసిందంటే, మొదటి రోజు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. రెండో రోజు నుంచి ఈడు పిల్లలతో కలిసి మామిడికాయలకు, ఏటికి పోయింది. సాయంత్రం మా ఇంటికొచ్చి, చంకన ఎవరూ లేకుండా, మా దగ్గరున్న కథల పుస్తకాలు ఒక్కొక్కటే చదివింది. ఎండాకాలం సెలవులు దానికి ఆ మూడు వారాలే దొరికాయి.

జూన్‌లో వానలు పడ్డాయి, ఉపాధి పని ఆగింది, దుక్కులు మొదలయ్యాయి. చేను గట్టున అవ్వకు కూలి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. పిల్లను ఆశ్రమ పాఠశాలలో ఆరులో చేర్చాలా వద్దా అని ఆ ఇంట్లో రెండు రోజులు మాటలు నడిచాయి. చివరికి మా తమ్ముడు "బిడ్డను నేను కట్టుకుంటా, నువ్వు నాటు పనికి పో" అన్నాడు. మగవాడు బిడ్డను వీపుకు కట్టుకొని అరక వెంట నడిస్తే గూడెంలో కొందరు నవ్వారు. నాలుగు రోజులు నవ్వి మానేశారు. పిల్ల ఆరులో చేరింది. వచ్చే ఎండాకాలం ఏమవుతుందో వచ్చే ఎండాకాలమే చూడాలి.

తోటి పంతుళ్లకు మా మాట ఇది. ఐదు పాసైన ఆడపిల్ల ఇంటికి చేరిక కోసం పోయినప్పుడు మార్కులు అడిగే ముందు, ఇంట్లో మూడేళ్ల లోపు బిడ్డ ఉందా, పగలు ఎవరు చూస్తారు అని అడగండి. ఆ జవాబు రాసుకోండి. సెలవులు మొదలయ్యే ఏప్రిల్‌లోనే అడిగితే ఇంకా మంచిది, గూడెంలో ఎంతమంది బిడ్డలున్నారో లెక్క చేతికి వస్తుంది. ఐదుగురు ఉంటే పనిచోట అడగడానికి ఆ లెక్క చాలు.

చదువుకుంటున్న తమ్ముళ్లకు ఒక మాట. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ చెల్లి చంకన ఉన్న బిడ్డను ఒక పూట మీరు తీసుకోండి. బరువే. కానీ పది నిమిషాలకు వాడు మీ మెడ పట్టుకొని నవ్వుతాడు, ఆ నవ్వు కోసమే మాకు 49 రోజులు చాలలేదు. చెల్లి ఆ పూట ఏం చేస్తుందో చూడండి.