ఫీడ్‌బ్యాక్ ఫారం నింపే ముందు

నేను ఇంజనీరింగ్ కాలేజీలో మ్యాథ్స్ చెబుతాను. మా పాప ఇక్కడ ఆరో తరగతి. కాలేజీలో పిల్లలు నాకు మార్కులు వేస్తారు. ఇక్కడ పాప టీచర్లకు నేను వేస్తాను.

గత సెమిస్టర్‌లో మా సహోద్యోగి ఒకరు మధ్యలో మానేయడంతో రెండు సెక్షన్లు కలిపేశారు. అంతకుముందు 60 మందికి చెప్పిన పాఠమే 120 మందికి చెప్పాను. అదే సిలబస్, అవే నోట్స్. చివర్లో ఫీడ్‌బ్యాక్ వచ్చింది. ‘పాఠం అర్థమయ్యేలా చెబుతారా?’ అన్నచోట మార్కులు తగ్గలేదు. ‘సందేహాలు తీరుస్తారా?’, ‘విద్యార్థులను పట్టించుకుంటారా?’ అన్నచోట బాగా పడిపోయాయి. "ఏంటి మేడం, డౌట్లు చెప్పడం మానేశారా?" అని హెచ్‌ఓడీ అడిగారు. ఆ మార్కులు అప్రైజల్‌లోకి వెళ్తాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు లెక్క వేసి చూశాను. 50 నిమిషాల క్లాసును 120 మందికి పంచితే తలా 25 సెకన్లు! అమెరికాలో కెన్నెత్ ఫెల్డ్‌మన్ అనే పరిశోధకుడు ఈ విషయం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 1984లో కలిపి పరిశీలించారు. క్లాసు పెద్దదైతే మొత్తం మీద మార్కులు తగ్గేది కొద్దిగానే. టీచరుకూ విద్యార్థికీ మధ్య మాటామంతీకి సంబంధించిన ప్రశ్నల్లోనే ఆ తేడా ఎక్కువ. అచ్చం నా ఫారంలాగే. అలాగని తప్పంతా క్లాసు సైజు మీదకు నెట్టను. వెనక బెంచీల దాకా నడవడం నేనూ తగ్గించాను.

అప్పుడే ఇంకో ఫారం గుర్తొచ్చింది. కిందటి పీటీఎంలో పాప మ్యాథ్స్ టీచరుకు ‘వ్యక్తిగత శ్రద్ధ’ దగ్గర 5కి 2 వేసి వచ్చాను. ఆవిడకు ఎంతమంది పిల్లలో అడగనే లేదు.

ఈసారి అడిగాను. "నాలుగు సెక్షన్లు మేడం, 160 నోట్‌బుక్కులు" అన్నారు. పాప నోట్‌బుక్ తీసి చూపించారు. భిన్నాల లెక్కలో పాప ఎక్కడ తప్పుతోందో ఆ స్టెప్పు దగ్గర ఎర్ర ఇంకుతో రాసి ఉంది. ఒక్కసారి కాదు, మూడుసార్లు. ఆ పేజీలు నేను ఇంట్లో ఒక్కసారీ తిప్పలేదు.

ఫారంలో మార్కులు వేయొద్దని నేను అనను. నచ్చనిది నచ్చలేదనే రాయాలి. కానీ వేసే ముందు రెండు పనులు చేద్దాం. పిల్లల నోట్‌బుక్ తెరిచి చూద్దాం. క్లాసులో ఎంతమంది ఉన్నారో అడుగుదాం. ఎక్కువమంది ఉన్నారనిపిస్తే ఆ మాట యాజమాన్యానికి విడిగా రాద్దాం. దానికి టీచరు మార్కులు కోయకూడదు కదా!

— ఆరో తరగతి విద్యార్థిని తల్లి